గోదావరి ఎక్కే ముందు: విశాఖ నుంచి ఖరీదైన వాచీ కొనడం ఎలా

నా మొదటి తప్పు రైలు టికెట్ దగ్గరే జరిగింది. హైదరాబాద్‌లో ఒక సెకండ్ హ్యాండ్ వాచీల షాపులో ఒమేగా సీమాస్టర్ ఉందని తెలిసి, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మర్నాడు సాయంత్రం అదే రైలుకి తిరుగు టికెట్ కూడా తీసుకున్నాను. "ఇంత దూరం వచ్చి వట్టి చేతులతో ఏం వెళ్తాం" అన్న మాట నా మొహం మీదే రాసి ఉండాలి. డీలర్ కాఫీ తెప్పించాడు, వాచీ చేతికి తొడిగాడు, నేను కొనేశాను. ఇంటికొచ్చాక పూర్ణా మార్కెట్ దగ్గర మా వాచీ మెకానిక్‌కి చూపించాను. కంటికి లెన్సు పెట్టుకుని నిమిషం కూడా చూడలేదు. "ఏటి బాబూ, దీన్ని అరగదీసేశారు కదా" అన్నాడు. కొత్తదానిలా మెరవాలని కేస్‌ని, అంటే వాచీ బయటి లోహపు ఒంటిని, పాలిష్ పట్టీ పట్టీ అంచులన్నీ గుండ్రంగా చేసేశారు. దాంతో ఇచ్చిన పెట్టె వేరే మోడల్‌ది. వాచీ ఇప్పటికీ చక్కగా తిరుగుతోంది, అది వేరే సంగతి. పాలిష్ పడని వాచీకి ఇవ్వాల్సిన ధర నేను అరిగిపోయిన వాచీకి ఇచ్చాను.

పేరున్న స్విస్ కంపెనీల ఖరీదైన మోడళ్ళ కోసం మన ఊరివాళ్ళం ఎక్కువగా హైదరాబాదో, చెన్నైయో, బెంగళూరో వెళ్తాం. దూరం వెళ్ళినవాడికి తొందర ఉంటుందని అమ్మేవాడికి తెలుసు. కాబట్టి తేల్చుకోవాల్సినవన్నీ విశాఖలోనే తేల్చుకుని వెళ్ళాలి. ఏ వాచీ, ఏ సైజు, ఎంత డబ్బు, ఏది చూస్తే వద్దనాలి అన్నవన్నీ ముందే అయిపోవాలి. షాపులో మిగిలేది సరిచూసుకోవడం ఒక్కటే.

అడుగు 1: ఎందుకు కొంటున్నారు?

పెట్టుకోవడానికా, పోగేయడానికా, లాభానికా? లాభానికే అయితే ఇక్కడే ఆగి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసుకోండి. 2021లో కొన్ని రోలెక్స్, పటెక్ ఫిలిప్, ఓడెమార్ పిగె మోడళ్ళ సెకండ్ హ్యాండ్ ధరలు విపరీతంగా పెరిగాయి. 2022 మొదట్లో శిఖరానికి చేరి, తర్వాత దిగొచ్చాయి. శిఖరం మీద కొన్నవాళ్ళు నాకు తెలుసు, ఇప్పుడు ఆ మాట ఎత్తితే టాపిక్ మార్చేస్తారు. చాలా మోడళ్ళు షోరూమ్ గుమ్మం దాటగానే విలువ తగ్గుతాయి. అది ముందే తెలిసి, అయినా చేతి మీద చూసుకుంటే సంతోషంగా ఉంటుందనుకుంటేనే ముందుకు రండి.

అడుగు 2: చౌక వాచీల మీద చదువుకోండి

లక్షలు పెట్టే ముందు వేలల్లో తప్పులు చేయండి. దీనికి హెచ్‌ఎంటీని మించిన పాఠశాల లేదు. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో మొదలై, 2016లో మూతపడిన ఫ్యాక్టరీ అది. షిప్‌యార్డ్, పోర్ట్, స్టీల్‌ప్లాంట్ ఉద్యోగుల ఇళ్ళల్లో, పెళ్ళిలో అత్తారు పెట్టిన వాచీల డబ్బాల్లో, బీరువా అడుగున ఒక జనతాయో, పైలటో, కోహినూరో ఇంకా ఉంటుంది. ముందు మీ ఇంట్లోనే వెతకండి.

అలాంటి కీ ఇచ్చే వాచీ ఒకటి నెల రోజులు వాడితే కేటలాగులు నేర్పనివి తెలుస్తాయి. కీ తిప్పుతుంటే స్ప్రింగు బిగుసుకోవడం వేళ్ళకి తెలుస్తుంది. నిండిందనిపించాక ఇంకా బలవంతంగా తిప్పకూడదని తెలుస్తుంది. రోజుకి అర నిమిషం అటూ ఇటూ అయితే ప్రపంచం మునిగిపోదని కూడా తెలుస్తుంది. తర్వాత ఒక సీకో 5 లాంటి ఆటోమేటిక్ కొనండి. అందులో చేతి కదలికతో లోపలి బరువు తిరిగి స్ప్రింగుకి కీ పడుతుంది. ఈ రెండూ వాడాక, సెల్ వాచీకీ మెకానికల్ వాచీకీ తేడా ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. కచ్చితమైన టైమే కావాలంటే వెయ్యి రూపాయల సెల్ వాచీయే నయం. 1969 డిసెంబరులో సీకో ఆస్ట్రాన్ పేరుతో మొదటి క్వార్ట్జ్, అంటే సెల్‌తో నడిచే, చేతి గడియారం వచ్చాక, కొన్నేళ్ళలోనే స్విస్ పరిశ్రమ పునాదులు కదిలాయి. మెకానికల్ వాచీ విలాస వస్తువుగా మారింది అక్కణ్ణించే.

ఇక్కడే ఇంకో పాఠం కూడా ఉంది. నెట్‌లో మెరిసిపోయే రంగుల్లో, "50 ఏళ్ళ పాతది, కొత్తదానిలా ఉంది" అంటూ అమ్మే హెచ్‌ఎంటీ, సీకో, ఫావ్‌ర్ లూబా వాచీలు కనిపిస్తాయి. చాలావాటికి డయల్ మళ్ళీ రంగు వేసి అచ్చు వేసినదే. సేకరించేవాళ్ళు వీటిని బాంబే స్పెషల్ అని ఎగతాళి చేస్తారు. కంపెనీ ఎప్పుడూ తయారు చేయని ఎరుపు, చిలకాకుపచ్చ డయళ్ళు, వంకర అక్షరాలు, గీతల మధ్య సమానంగా లేని ఖాళీలు, పాత డయల్‌కి తళతళలాడే కొత్త ముళ్ళు కనిపిస్తే అనుమానించాలి. రెండు వేల వాచీలో ఇది పట్టుకోవడం వస్తే, రెండు లక్షల వాచీలో కూడా కన్ను అటే పోతుంది.

ఒక మంచి మెకానిక్‌ని పట్టుకోవడం కూడా ఈ అడుగులోనే జరగాలి. వన్ టౌన్, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల బల్ల మీద లెన్సుతో కూర్చునే పెద్దవాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు. చిన్న పనులతో పరిచయం పెంచుకోండి. బెల్టు మార్పించండి, హెచ్‌ఎంటీ సర్వీసు చేయించండి. వెనక మూత తెరిచినప్పుడు పక్కన నిలబడి చూడనిచ్చేవాడు దొరికితే వదలకండి. మూత మీద గీతలు పడకుండా తెరిచేవాడా, పళ్ళు బిగించి కత్తితో ఎత్తేవాడా అన్నది మొదటి రోజే తెలిసిపోతుంది.

అడుగు 3: మణికట్టు కొలవండి

టైలర్ టేపుతో మణికట్టు చుట్టుకొలత తీసుకోండి. డయల్ వెడల్పు అందరూ చూస్తారు. అంతకంటే ముఖ్యం పై చెవుల కొస నుంచి కింది చెవుల కొస దాకా ఉండే పొడవు. బెల్టు తగిలించే కొమ్మల్నే చెవులంటున్నాను. ఆ పొడవు మీ మణికట్టు చదునైన భాగం దాటి బయటికి వస్తే, ఎంత గొప్ప వాచీ అయినా మూకుడు బోర్లించినట్టు ఉంటుంది. నా చేతికి 36 నుంచి 40 మిల్లీమీటర్ల వాచీలు నప్పుతాయి, 44 పెట్టుకుంటే మా ఆవిడ నవ్వుతుంది. ద్వారకానగర్, సిరిపురం వైపు షోరూముల్లో సీకో, సిటిజన్, టిస్సో లాంటివి చేతికి పెట్టుకుని చూడండి. కొనకపోయినా ఫరవాలేదు, ఏ సైజు నప్పుతుందో రాసుకోండి.

అడుగు 4: డబ్బు, కాగితాలు

మీ దగ్గరున్న మొత్తమంతా వాచీకే పెట్టేయకండి. మెకానికల్ వాచీకి అయిదారేళ్ళకోసారి సర్వీసు కావాలి. పెద్ద స్విస్ బ్రాండ్ల సర్వీసు సెంటర్లో అది పదుల వేలల్లో ఉంటుంది. ఆ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోండి. నా పద్ధతి ఏమిటంటే, సర్వీసు డబ్బు కూడా పక్కన పెట్టలేని వాచీ నా స్థాయి కాదని వదిలేస్తాను.

"క్యాష్ ఇస్తే తగ్గిస్తాం" అనే డీలర్ దగ్గర జాగ్రత్త. ఒక కొనుగోలుకి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. 2 లక్షలు దాటితే పాన్ నంబరు ఇవ్వాలి. 2025 ఏప్రిల్ 22 నుంచి 10 లక్షలు దాటిన చేతి గడియారాలకి అమ్మేవాళ్ళు 1 శాతం టీసీఎస్, అంటే మన తరఫున ముందుగా కట్టే ఆదాయపు పన్ను, కూడా వసూలు చేస్తున్నారు. అది అదనపు ధర కాదు, రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. బ్యాంకు ద్వారానే కట్టండి, బిల్లులో మోడల్ నంబరు, సీరియల్ నంబరు రెండూ రాయించుకోండి. బిల్లు లేని వాచీ రేపు అమ్మాలన్నా, పోయిందని పోలీసులకి చెప్పాలన్నా చేతులు కట్టేసినట్టే.

అడుగు 5: ఏ రకం డీలరో తెలుసుకోండి

మన తెలుగువాళ్ళకి డీలర్ అనగానే ముందు గుర్తొచ్చేది రేషన్ షాపు. పోలిక అంత తప్పేం కాదు. ఒకప్పుడు పంచదార కావాలంటే సబ్బులు, టీ పొడి కూడా అంటగట్టేవాళ్ళు, గుర్తుందా?

కంపెనీ స్వయంగా నియమించిన అధీకృత డీలర్ల పేర్లు ఆ కంపెనీ వెబ్‌సైట్లోనే ఊరి వారీగా ఉంటాయి. బోర్డు మీద బ్రాండు పేరు ఉన్నంత మాత్రాన నమ్మకండి, ఆ జాబితాలో చూడండి. వాచీ అసలుదే అన్న పూర్తి భరోసా ఇక్కడే దొరుకుతుంది. కంపెనీ వారంటీ కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. రోలెక్స్, ఒమేగా రెండూ కొత్త వాచీలకి 5 ఏళ్ళు ఇస్తున్నాయి. టిస్సో, లాంజీన్స్, రాడో, ఒమేగా అన్నీ స్వాచ్ గ్రూప్‌వే. ఇలాంటి బ్రాండ్లలో మరీ గిరాకీ లేని మోడల్‌కి తగ్గింపు అడగడం తప్పు కాదు. సిగ్గుపడకుండా అడగండి.

చిక్కంతా గిరాకీ ఉన్న మోడళ్ళతోనే. ఒక షోరూమ్‌లో నేను ఓ స్టీలు మోడల్ అడిగాను. అద్దాల వెనక ఉంది, కానీ అది చూడ్డానికి మాత్రమేనట. పేరు రాసుకున్నారు. ఎంతకాలం పడుతుందంటే నవ్వారు. కాసేపయ్యాక సేల్స్ కుర్రాడు గొంతు తగ్గించి, ముందు ఇంకో వాచీయో, మేడమ్ గారికి ఏదైనా నగో తీసుకుంటే "ప్రొఫైల్" బలపడుతుందన్నాడు. పంచదారతో సబ్బులు! నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. మీకు వద్దనిపించే వస్తువు కొని, కావాల్సిన వస్తువు కోసం ఎదురుచూడకండి. పేరు రాయించండి, మర్యాదగా ఆర్నెల్లకోసారి ఫోన్ చేయండి. ఏ రంగు డయల్ అయినా ఫరవాలేదంటే త్వరగా వస్తుంది. వస్తే మంచిదే, రాకపోతే ప్రపంచంలో వేరే వాచీలు లేవా?

రెండో రకం గ్రే మార్కెట్. కొత్త వాచీయే, కానీ కంపెనీ గొలుసులోంచి కాకుండా పక్కదారిలో వచ్చినది. అడగాల్సిన ప్రశ్నలు రెండే. వారంటీ కార్డు మీద తేదీ ఎప్పటిది? ఇప్పటి వారంటీ కంపెనీదా, మీ షాపుదా? షాపుదే అయితే ఆ షాపు ఉన్నన్నాళ్ళే ఆ వారంటీ.

మూడో రకం సెకండ్ హ్యాండ్ డీలర్లు. ఇప్పుడు దీన్ని ప్రీ ఓన్డ్ అంటున్నారు, పేరు మారినా పాలిష్ మారలేదు. వీళ్ళతో పని విశాఖ నుంచే మొదలుపెట్టండి. వాట్సాప్‌లో అడగండి, ఎందుకంటే జవాబు రాతపూర్వకంగా మిగులుతుంది. కేస్ పాలిష్ చేశారా? ఆఖరి సర్వీసు ఎప్పుడు, ఎక్కడ, బిల్లుందా? ఏ భాగమైనా మార్చారా? చైన్‌లో ఎన్ని లింకులున్నాయి? వారం లోపల వెనక్కి తీసుకుంటారా? పగటి వెలుతురులో, షోకేస్ లైట్లు లేకుండా తీసిన ఫొటోలు పంపమనండి. "మీరు రండి సార్, వచ్చాక అన్నీ మాట్లాడుకుందాం" అన్న డీలర్ కోసం నేను రైలెక్కను.

ఇక మనుషుల దగ్గర నేరుగా కొనడం. నేవీలోనూ, మర్చంట్ నేవీలోనూ పనిచేసి వచ్చినవాళ్ళు మన ఊళ్ళో వీధికొకరు ఉంటారు. సింగపూర్‌లోనో దుబాయ్‌లోనో తమ కోసం కొనుక్కున్న వాచీ అమ్ముతామంటే కథ నిజమే అయి ఉండొచ్చు. వాచీ నిజమైనదో కాదో వేరే చూడాలి. ఇద్దరూ కలిసి మెకానిక్ దగ్గర కూర్చుని మూత తెరిపించండి. డబ్బు ఖాతాలో వేయండి, సీరియల్ నంబరుతో ఒక రసీదు రాయించుకుని సంతకం తీసుకోండి. మీ తోడల్లుడికి విదేశాల నుంచి తెమ్మని చెప్తే, ఉచిత పరిమితి దాటిన దానికి విమానాశ్రయంలో రెడ్ ఛానల్‌లో సుంకం కట్టి ఆ రసీదు దాచమనండి. చేతికి పెట్టుకుని వస్తే ఎవరూ అడగరన్న సలహా ఇచ్చేవాడు ఆ రోజు పక్కన ఉండడు.

అడుగు 6: షాపులో చూడాల్సినవి

వెంట పదింతలు పెద్దది చేసి చూపించే లెన్సు తీసుకెళ్ళండి. కాఫీ తర్వాత తాగొచ్చు.

ముందు నంబర్లు. కార్డు మీది సీరియల్, వాచీ మీది సీరియల్ ఒకటేనా? ఇప్పటి రోలెక్స్‌లో అది అద్దం కింద, డయల్ చుట్టూ ఉండే లోపలి అంచు మీద చెక్కి ఉంటుంది. పాతవాటిలో చెవుల మధ్య ఉంటుంది, చైన్ ఊడదీస్తేనే కనిపిస్తుంది. ఊడదీయమనడానికి మొహమాటపడకండి.

తర్వాత కేస్. నా సీమాస్టర్‌లో నేను చూడనిది ఇదే. మెరిసే భాగానికీ గరుకు గీతల భాగానికీ మధ్య అంచు కత్తిలా ఉండాలి. నాలుగు చెవులూ ఒకే మందంలో ఉన్నాయా? పై నుంచి కాదు, పక్క నుంచి, వెలుతురుకి అడ్డంగా పెట్టి చూడండి. నాలుగు నిజాయితీగా పడ్డ గీతలున్న వాచీ, అద్దంలా మెరిసే అరిగిన వాచీ కంటే నయం.

డయల్ లెన్సుతో చూడండి. అక్షరాల అంచులు తేటగా ఉండాలి. పాత వాచీ అయితే 6 అంకె కింద "స్విస్" పక్కన ఇంగ్లీషు టి అక్షరం ఉందేమో చూడండి. అంటే చీకట్లో వెలగడానికి ట్రిటియం వాడారని. ట్రిటియం శక్తి సుమారు 12 ఏళ్ళకి సగమైపోతుంది, 1990ల చివరికి వాచీ కంపెనీలు ఆ పూతను మానేశాయి. కాబట్టి టి అక్షరం ఉన్న డయల్ చీకట్లో ఇప్పటికీ దివిటీలా వెలుగుతుంటే, ఆ పూత ఈ మధ్య ఎవరో వేసినదే. ముళ్ళ మీది పూత రంగు, డయల్ మీది పూత రంగు కలవకపోయినా అడగండి.

కీ లాగి తిప్పండి. మర బిగించే కీ అయితే తడబడకుండా బిగుసుకోవాలి. అర్ధరాత్రి దాకా ముళ్ళు తిప్పి తేదీ మారుతోందో లేదో చూడండి. స్టాప్‌వాచ్ ఉన్నదైతే నడిపించి, ఆపి, సున్నాకి రప్పించండి. ముల్లు సరిగ్గా 12 మీదే ఆగాలి. చైన్‌ని అడ్డంగా పట్టుకోండి, వాడిన కొద్దీ లింకులు అరిగి కిందికి వేలాడుతుంది.

టైమ్‌గ్రాఫర్ అనే మెషిన్ మీద పెట్టమనండి. సరైన సెకండ్ హ్యాండ్ షాపులో అది ఉంటుంది. అది వాచీ టిక్‌టిక్ విని మూడు అంకెలు చూపిస్తుంది. మొదటిది రోజుకి ఎన్ని సెకన్లు తేడా. కచ్చితత్వానికి ఇచ్చే క్రోనోమీటర్ ధృవపత్రానికి స్విస్ సంస్థ సీవోఎస్‌సీ పెట్టిన హద్దు సగటున రోజుకి మైనస్ 4 నుంచి ప్లస్ 6 సెకన్లు. రెండోది యాంప్లిట్యూడ్, అంటే లోపలి బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోందో. పూర్తిగా కీ ఉన్న, డయల్ పైకి పెట్టిన వాచీకి సుమారు 270 నుంచి 310 ఉంటే ఆరోగ్యం. 220 దగ్గర ఈదుతుంటే సాధారణంగా నూనె ఎండిపోయిందని అర్థం, ఆ సర్వీసు ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. మూడోది బీట్ ఎర్రర్, అంటే టిక్‌కీ టాక్‌కీ మధ్య తేడా, ఒక మిల్లీసెకను లోపల ఉంటే ఫరవాలేదు.

ఇవన్నీ చూశాక కూడా మంచి నకిలీని పట్టుకోలేకపోవచ్చు. రోలెక్స్ తేదీ మీది బుడిపె అద్దం అంకెని రెండున్నర రెట్లు పెద్దది చేస్తుందని అందరికీ తెలుసు, నకిలీలు చేసేవాళ్ళకి కూడా తెలుసు. ఇప్పటి నకిలీల బరువు, మెరుపు, శబ్దం అన్నీ దగ్గరగానే ఉంటున్నాయి. అందుకే వెనక మూత తెరిచి వాచీ లోపలి మెషిన్ చూపించమని అడగాలి, లేదా డబ్బు కట్టే ముందు కంపెనీ సర్వీసు సెంటర్లో చూపించుకోవాలి. రెండింటికీ ఒప్పుకోకపోతే లేవండి.

అడుగు 7: లేవడం

ఇది కష్టం. నేను రెండోసారి వెళ్ళినప్పుడు తిరుగు టికెట్ తీసుకోలేదు, హైదరాబాద్‌లో మా బావ ఇంట్లో రెండు రోజులు ఉంటానని చెప్పి వెళ్ళాను. డీలర్ అడిగితే ఆ మాటే చెప్పాను. ఎంతలో కొంటానో ఒక కాగితం మీద ముందే రాసి జేబులో పెట్టుకున్నాను. యాంప్లిట్యూడ్ తక్కువగా ఉంది, ధర తగ్గలేదు. "ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నారు సార్" అన్నాడు. వాళ్ళకే ఇచ్చేయండి అని చెప్పి, బావతో బిర్యానీ తిని, వట్టి చేతులతో విశాఖలో దిగాను. తొమ్మిది రోజులకి ఆ డీలరే ఫోన్ చేశాడు. సర్వీసు చేయించి, కొత్త టైమ్‌గ్రాఫర్ వీడియో పంపి, నా కాగితం మీద ఉన్న అంకెకి రెండు వేలు ఎక్కువ చెప్పాడు. ఒప్పుకున్నాను. ఫోన్ రాకపోయినా నా డబ్బు నా దగ్గరే ఉండేది.

అడుగు 8: సముద్రం పక్కన వాచీ

మన ఊరి గాలే వాచీకి శత్రువు. ఆర్కే బీచ్‌లో పొద్దున్న నడిచి వచ్చినా ఉప్పు చేరుతుంది. 100 మీటర్ల వాటర్ రెసిస్టెన్స్ ఉన్న స్టీలు వాచీని కీ బిగించి ఉందో లేదో చూసుకుని మంచినీళ్ళతో కడిగి తుడవండి. 30 మీటర్లు అని రాసి ఉంటే అది 30 మీటర్ల లోతు ఈదమని కాదు, చేతులు కడుక్కునేటప్పుడు చుక్కలు పడితే తట్టుకుంటుందని మాత్రమే. రబ్బరు సీళ్ళు ఏళ్ళతో పాడవుతాయి కాబట్టి పాత వాచీ మీద ఏం రాసి ఉన్నా రుషికొండలో దిగకండి.

తోలు బెల్టు ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా లోపల పెట్టేయండి, చెమటకి కుళ్ళి వాసనొస్తుంది. బీరువాలో పెట్టే డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, వానాకాలంలో మార్చండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేక ఫోన్లన్నీ చచ్చిపోతే, మా ఇంట్లో టైము చెప్పింది హెచ్‌ఎంటీ ఒక్కటే. అదే వారంలో బీరువాలోని రెండు బెల్టులకి బూజు పట్టింది.

వాచీ ఉన్నట్టుండి రోజుకి నిమిషాలు ముందుకు పరిగెడితే కంగారుపడకండి. ఫోన్ కవరు అయస్కాంతమో, స్పీకరో తగిలి ఉంటుంది. మెకానిక్ దగ్గర డీమాగ్నెటైజర్‌తో క్షణంలో పోతుంది. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా తేదీని కీతో మార్చకండి. ఆ వేళలో తేదీ మార్చే చక్రాల పళ్ళు పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి.

చైన్ సైజు తగ్గించినప్పుడు తీసిన లింకులు షాపులో వదిలేసి రాకండి. నేను రెండు లింకులు అలాగే వదిలేసి వచ్చి, మళ్ళీ తెప్పించుకోవడానికి నాలుగు నెలలు ఫోన్లు చేశాను.